పళ్లెంలో పెయింటింగు: రంగు గ్లేజు పైనా, గ్లేజు లోపలా? ఏది మేలు?

పికాసో, షగాల్, కాండిన్‌స్కీ, క్లిమ్ట్ లాంటి చిత్రకారుల బొమ్మలున్న డిన్నర్ సెట్టు కొనేవాళ్లు మొదట అడిగేది ఒకటే: బోన్ చైనా (ఎముకల బూడిద కలిపిన పింగాణీ) మంచిదా, పోర్సెలైన్ (మామూలు పింగాణీ) మంచిదా? తెల్లదనం, తేలికదనం, అంచులు పెచ్చులూడటం వరకైతే ఆ ప్రశ్న చాలు. బొమ్మ కోసం కొంటున్నప్పుడు మాత్రం మట్టికన్నా ముందు రంగు సంగతి తేల్చుకోవాలి. రంగు గ్లేజు (పళ్లెం మీది గాజులాంటి పూత) మీద కూర్చుందా, గ్లేజులోకి దిగిందా? కొన్నేళ్లు వాడాక పెయింటింగు మిగులుతుందా, వెలిసిన మరకలు మిగులుతాయా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

గ్లేజు పైన వేసేదాన్ని ఆన్-గ్లేజు అంటారు. గ్లేజు వేసి కాల్చేసిన పళ్లేనికి డికాల్ (బొమ్మ అచ్చువేసిన పల్చటి పొర) అంటించి, సుమారు 780 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరోసారి కాలుస్తారు. ఆ వేడికి రంగులో కలిపిన గాజుపొడి కరిగి గ్లేజుకు పట్టుకుంటుంది, అంతే; రంగు పైనే ఉండిపోతుంది. తక్కువ వేడి కాబట్టి కాడ్మియం–సెలీనియం ఎరుపులు, పసుపులు, చివరికి బంగారం కూడా నిలుస్తాయి. షగాల్ ఎరుపు, మోండ్రియాన్ పసుపు అసలుకు దగ్గరగా వచ్చేది ఇందులోనే. సన్నగీతలూ పదునుగా ఉంటాయి. కానీ డిష్‌వాషర్ పొడిలోని క్షారం, నిమ్మరసం, వెనిగర్, కత్తి మొన అన్నీ నేరుగా రంగునే తాకుతాయి. ముందు మెరుపు పోతుంది, తర్వాత రంగు పలచబడుతుంది. బంగారమైతే ఇంకా త్వరగా అరుగుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి.

ఇన్-గ్లేజు కథ వేరు. గట్టి పోర్సెలైన్ (ఎక్కువ వేడిలో కాల్చే రకం) మీద డికాల్ అంటించి 1200 డిగ్రీలు దాటించి, తక్కువ సమయంలో కాలుస్తారు. గ్లేజు మెత్తబడుతుంది, రంగు అందులోకి దిగుతుంది, పైన గాజు మూసుకుంటుంది. ఆ తర్వాత కత్తికి తగిలేది గాజే. ఇందుకు చెల్లించే మూల్యం రెండు విధాలు: మామూలు కాడ్మియం ఎరుపు ఆ వేడికి నిలవదు, జిర్కోనియం సిలికేట్ గూటిలో బంధించిన రకమే వాడాలి, లేకపోతే ఎరుపు ఇటుక రంగులోకి జారుతుంది. గీతల అంచులు కూడా కాస్త మెత్తబడతాయి. బోన్ చైనా గ్లేజు 1100 డిగ్రీల లోపే పక్వమవుతుంది. దాని మీద అలంకారం ఎక్కువగా ఆన్-గ్లేజే. మట్టి ప్రశ్నకు అసలు విలువ ఇక్కడే ఉంది.

అందుకే చిత్రకారుణ్ని బట్టి ఎంచుకోవడం మంచి పద్ధతి. పికాసో గీతల బొమ్మలకు, కీత్ హేరింగ్ మందపాటి నల్లగీతలకు ఇన్-గ్లేజు హాయిగా సరిపోతుంది. అంచు కొంచెం మెత్తబడ్డా బొమ్మకు నష్టం లేదు. క్లిమ్ట్ బొమ్మలో అసలు బంగారమే కావాలంటే ఆన్-గ్లేజు తప్పదు, చేత్తో కడగడమూ తప్పదు. రోజూ తినే పళ్లేలకైతే ఎరుపు ఒక పాలు తగ్గినా ఇన్-గ్లేజునే తీసుకోండి. అందంగా వచ్చిన రంగు అరిగిపోవడం కన్నా అది నయం.

షాపులో పళ్లేన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకోండి. బొమ్మ దగ్గర మెరుపు మారితే, అంచు మీద గోరు తట్టుకుంటే ఆన్-గ్లేజు. మెరుపు అంతటా ఒకేలా ఉంటే ఇన్-గ్లేజు అనుకోవచ్చు. పదింతల భూతద్దం ఉంటే రంగుల్ని కూడా చూడండి: నిండుగా ఉంటే ఒక్కో రంగునూ విడిగా స్క్రీన్ ప్రింట్ చేసినట్టు, చుక్కలుగా ఉంటే నాలుగు రంగుల ముద్రణ. ఎరుపు ఎక్కువగా తేలిపోయేది ఈ రెండోదాంట్లోనే. క్లిమ్ట్ 1918లో, కాండిన్‌స్కీ, మోండ్రియాన్ 1944లో పోయారు. యూరప్‌లో వాళ్ల హక్కుల గడువు ముగిసింది, ఎవరైనా అచ్చువేయొచ్చు, కాబట్టి నాణ్యతలో తేడా విపరీతం. పికాసో హక్కులు అక్కడ 2043 చివరిదాకా ఉంటాయి. ఆయన బొమ్మకు అడుగున లైసెన్సు ముద్ర వెతకండి.

బొమ్మ ఎక్కడుందన్నదీ ముఖ్యమే. 27 సెంటీమీటర్ల గుండ్రటి పళ్లెంలో 4:3 చిత్రం కోత లేకుండా పట్టాలంటే 21.6 × 16.2 సెంటీమీటర్లే వస్తుంది. అందుకే చాలా సెట్లలో చిత్రాన్ని కత్తిరిస్తారు. పెద్ద పళ్లేలకు అంచున మాత్రమే బొమ్మ, చిన్న డెజర్ట్ పళ్లేలకు నిండు బొమ్మ ఉన్న సెట్టు మేలు. కత్తి పని పెద్దదాని నడుమనే కదా. ఆన్-గ్లేజు బొమ్మ నడుమ ఉంటే, రంగులోంచి విషపు లోహాలైన సీసం, కాడ్మియం తిండిలోకి దిగుతాయేమో చూసే పరీక్ష సంగతి అడగండి. నాలుగు శాతం అసిటిక్ ఆమ్లంలో 24 గంటలు ఉంచి చేసే పరీక్ష అది. లోతులేని పళ్లేలకు యూరప్ పెట్టిన హద్దు చదరపు డెసిమీటరుకు సీసం 0.8, కాడ్మియం 0.07 మిల్లీగ్రాములు.

గ్లేజు కింద వేసే అండర్-గ్లేజు అన్నిటికన్నా మన్నుతుంది, కానీ గట్టి పోర్సెలైన్ వేడికి నిలిచే రంగులు కోబాల్ట్ నీలంలాంటివి కొన్నే. పికాసో ఫ్రాన్స్‌లోని వల్లోరిస్‌లో, మదూరా అనే కుండల కార్ఖానాలో 1947 నుంచి చేసిన అసలు పళ్లేలు సేకరణకే, భోజనానికి కాదు.

ఆన్-గ్లేజు సెట్టు ఇప్పటికే ఉంటే గోరువెచ్చని నీళ్లతో, మెత్తటి స్పాంజితో కడగండి, పులుపు అంటినవి రాత్రంతా వదలకండి. దొంతర పెట్టేటప్పుడు ఒక్కో పళ్లెం మధ్య ఫెల్ట్ లేదా మందపాటి కాగితం వేయండి; పై పళ్లెం అడుగున గ్లేజు లేని గరుకు వలయమే కింది బొమ్మను గీరేస్తుంది.