ఐదు నిమిషాలు దాటాక పడిన గీత: ఇంటి గర్భ పరీక్ష కిట్‌తో నా పది నెలలు

పది నెలల్లో పద్నాలుగు కిట్లు వాడాను. మూడు చుక్కలు వేయడం, గీతలు చూడడం అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది ఒక్క గీత గురించి. దాని మీద నాకింకా కోపం పోలేదు.

మూడేళ్లు వాడిన గర్భనిరోధక మాత్రలు సంక్రాంతి అయ్యాక ఆపేశాను. ఆపిన కొద్ది రోజులకే బ్లీడింగ్ కనిపిస్తే నెలసరే అనుకుని అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాను. అది మాత్ర ఆపినందువల్ల అయ్యేదట, అసలు నెలసరి కాదట. ఆ తర్వాత డేట్ 41 రోజులకు వచ్చింది, మళ్లీ 36కి. నేనేమో 29వ రోజు రాగానే కిట్ తీసేదాన్ని. అండమే ఆలస్యంగా విడుదలైతే అప్పుడు కిట్‌కి ఏం తెలుస్తుంది!

అయినా మొదట్లో నా స్నేహితురాళ్లకి దీని గురించి గొప్పగా చెప్పాను. కూర్మన్నపాలెంలో ఏ మందుల షాపులో అడిగినా దొరుకుతుంది, కాగితంలో చుట్టి ఇస్తారు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

మే నెలలో, 38వ రోజున జరిగింది ఇది. మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో పొద్దుటి షిఫ్టు. నాలుగున్నరకి లేచి, క్యారేజీకి అన్నం పడేసి, పరీక్ష చేశాను. ఐదు నిమిషాలకి సి దగ్గర, అంటే కిట్ పనిచేస్తోందని చెప్పే చోట, ఒక్క గీతే. కిట్‌ని బాత్రూమ్ కిటికీ గట్టు మీద వదిలేసి పనిలో పడ్డాను. ఎనిమిదింటికి బట్టలు నానబెట్టడానికి వెళ్లి చూస్తే టి దగ్గర, అంటే గర్భం ఉంటే గీత పడే చోట, ఇంకో గీత, సన్నగా, వెంట్రుకంత. లైటు కింద చూశాను, కిటికీ వెలుతురులో చూశాను, ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. ఉంది! చేతులు వణికాయి. షిఫ్టులో ఫోన్ ఎత్తరని తెలిసి కూడా ఆయనకి మూడుసార్లు చేశాను. అమ్మకి చెప్తే ఫోన్‌లోనే ఏడ్చేసింది. "బరువులెత్తకే, స్కూటీ ముట్టుకోకే" అంది. సాయంత్రం ఆయన మాడుగుల హల్వా తెచ్చారు.

మర్నాడు రక్త పరీక్షలో హెచ్‌సీజీ, అంటే గర్భం వస్తే పెరిగే హార్మోన్, 5 లోపే ఉంది. అంటే గర్భం లేదు. రెండు రోజులకి డేట్ వచ్చింది. అమ్మకి ఆ మాట చెప్పడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

డాక్టరమ్మ నా ఫోన్‌లో ఫొటో చూసి, "దీనికి రంగుందామ్మా?" అని అడిగారు. నిజం గీత ఎంత పల్చగా ఉన్నా సి గీతకున్న గులాబీ రంగే ఉంటుంది, వెడల్పూ అంతే ఉంటుంది. నాది బూడిద రంగులో ఉంది. తడి ఆరాక మిగిలిన చార అది. పది నిమిషాలు దాటాక చూడకూడదని లోపలి కాగితంలో రాశారు. ఎక్కడ? చిట్టచివర, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. డబ్బా మీద మాత్రం 99 శాతం కచ్చితం అని పెద్దగా ఉంది. ఆ పది నిమిషాల ముక్క డబ్బా మీద తెలుగులో వేసుంటే మా అమ్మ ఏడ్చేది కాదు.

ఇంకొకటి. మన విశాఖలో వేసవిలో గాలంతా తేమే కదా. రాత్రే కవరు చించి ఉంచుకుని పొద్దున్న వాడిన కిట్‌లో సి గీత కూడా రాలేదు. అప్పటి నుంచి కిట్లు బీరువాలోనే పెడుతున్నాను, కవరు అప్పటికప్పుడే విప్పుతున్నాను.

డేట్లు సరిగ్గా వచ్చేవాళ్లకి ఈ కిట్ చాలు, కాదనను. నాలా 36కీ 41కీ మధ్య ఊగేవాళ్లయితే తొందరపడకుండా ఆగి చేసుకోవాలి. ఒక్క గీతే వచ్చి డేట్ కూడా రాకపోతే రెండు మూడు రోజులాగి మళ్లీ చేయాలి. ఆ హార్మోన్ మొదట్లో రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతుంది. నాకు 31 ఏళ్లు కాబట్టి ఏడాది వరకు టెన్షన్ వద్దన్నారు డాక్టరమ్మ. 35 దాటితే ఆరు నెలలకే చూపించుకోవాలట. ఫోలిక్ యాసిడ్ మాత్రం రోజూ వేసుకుంటున్నాను.

ఇవాళ బుధవారం, 38వ రోజు. కిట్ బీరువాలో చీరల మధ్య ఉంది. ఆదివారం ఆయనకి సెలవు. ఆ పొద్దున్న ఇద్దరం పక్కపక్కనే నిలబడి, ఫోన్‌లో ఐదు నిమిషాలు పెట్టుకుని, అది మోగగానే చూసి, కిట్‌ని వెంటనే చెత్తబుట్టలో పడేస్తాం.