నల్లిని తినే నల్లి: పాము పెట్టెలో మూడేళ్ల అనుభవం

మా బాల్ పైథాన్ (ఒక రకం చిన్న కొండచిలువ) పెట్టెలోని మట్టిని పారబోయకుండా కాపాడినవి, పామును పట్టే నల్లులను (మైట్స్) తినే వేటనల్లులు. ఆ కృతజ్ఞతతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

మట్టి, ఎండుటాకులు, చెత్తను తినే చిన్న జీవులైన ఐసోపాడ్లు, బూజును తినే స్ప్రింగ్‌టెయిల్స్ ఉన్న ఈ పెట్టెను మూడేళ్లుగా నడుపుతున్నాను. రెండో ఏడాది చివర్లో పాము రోజంతా నీటి పళ్లెంలోనే చుట్టుకుని ఉండసాగింది. కుబుసం విడిచే ముందు అలా చేస్తుందనుకుని రెండు రోజులు పోగొట్టాను. మూడో రోజు నీళ్లు మారుస్తుంటే పళ్లెం అడుగున మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు కనిపించాయి. పామును చేతిలోకి తీసుకుని చూస్తే గడ్డం కింది మడతలోను, కంటి అంచునా అవే చుక్కలు కదులుతున్నాయి; అవి పాము రక్తం తాగే నల్లులు. పొలుసుల మీద బూడిదలా రాలి ఉన్నది వాటి రెట్ట.

పామును వేరే డబ్బాలో తెల్ల కాగితం మీద ఉంచి, రోజూ గోరువెచ్చని నీటిలో నానబెట్టాను. కష్టమంతా పెట్టెతోనే. ఈ నల్లి జీవితంలోని 5 దశల్లో రెండే రక్తం తాగుతాయి; గుడ్లూ తక్కిన దశలూ మట్టిలో, బెరడు పగుళ్లలో ఉంటాయి కనుక పామును ఎంత శుభ్రం చేసినా మళ్లీ ఎక్కుతాయి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు చల్లితే ఐసోపాడ్లు కూడా చస్తాయి. అందుకే గ్రీన్‌హౌస్‌లలో మట్టి పురుగుల మీదికి వదిలే స్ట్రాటియోలేలాప్స్ అనే వేటనల్లులను తెప్పించి చల్లాను. కాగితం మీద పాము మేత ముట్టకపోవడంతో 15 రోజులకే దాన్ని తిరిగి పెట్టెలోకి వదలవలసి వచ్చింది. ప్రతి ఉదయం పళ్లెంలోని చుక్కలు లెక్కపెట్టేవాణ్ని: మొదట ఇరవైకి పైగా, తరువాతి వారం ఆరు, ఆపై రెండు, అయిదో వారం నుంచి ఒక్కటీ లేదు. ఆ ఉదయం కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

అయితే ఇవి స్ప్రింగ్‌టెయిల్స్‌ను కూడా తింటాయి. రెండు నెలలకు పెంట మీద బూజు పట్టడంతో స్ప్రింగ్‌టెయిల్స్‌ను మళ్లీ తెచ్చి వేయవలసి వచ్చింది. పొడిగా ఉండే మూత గాడుల్లోకి వేటనల్లులు ఎక్కలేదు; అక్కడ నేనే దూదిపుల్లతో తుడిచాను. మొదటి ఏడాది, ఈ పెట్టెలో చేయి పెట్టనక్కరలేదని తెలిసినవారందరికీ చెప్పాను. అది అతిశయోక్తి. కుబుసాన్నీ మట్టిలో ఇంకిన మిగులునూ ఐసోపాడ్లు చూసుకుంటాయి గాని, పెద్ద పెంటనూ దానితో వచ్చే తెల్లని గడ్డనూ ఇప్పుడు వెంటనే చెంచాతో నేనే తీసేస్తున్నాను.

నాది ఒక్క పాము, తేమ మట్టి. కాగితం పరిచి పెంచేవారికి ఆ కాగితం మార్చి, పెట్టె కడగడమే త్వరగా తేలే పని. ఆనాడు పాము నీరసించి ఉంటే, నేనూ వేటనల్లుల కోసం ఆగకుండా పశువైద్యుడి దగ్గరికే వెళ్లేవాణ్ని.