ఇండోచైనానా, ఆగ్నేయాసియా ప్రధాన భూభాగమా?

భారత్‌కి తూర్పున, చైనాకి దక్షిణాన ఉన్న పెద్ద ద్వీపకల్పానికి ఈ రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి. ‘ఇండోచైనా’ పలకడానికి తేలిక, మ్యాప్‌లో చోటు వెంటనే తడుతుంది. కానీ 1887లో ఫ్రాన్స్ తన వలస రాజ్యానికి ఇదే పేరు పెట్టుకుంది. అందులో వియత్నాం, కంబోడియా, 1893 నుంచి లావోస్ ఉండేవి; బర్మా, థాయిలాండ్ లేవు. అందుకే ఈ పేరు వింటే కొందరికి మూడు దేశాలే గుర్తొస్తాయి. పైగా కంబోడియాలోని ఖ్మేర్‌లకి, బర్మా, థాయిలాండ్‌లలోని మోన్‌లకి సొంత చరిత్రే లేనట్టు పొరుగు దేశాల పేర్లు అతికించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

రెండో పేరు పొడవే. అయినా బర్మాలోని ఐరావతి నుంచి వియత్నాంలోని మెకాంగ్, ఎర్రనది డెల్టాల దాకా అన్నీ ఇందులో ఇముడుతాయి. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ దీవులతో తేడా కూడా తెలుస్తుంది. మనవాళ్ల రంగూన్ వలసల గురించి రాసినా నేను దీన్నే వాడతాను. ఫ్రెంచి పాలన గురించైతే మాత్రం ఇండోచైనా అనడమే సరైనది.