రోడ్డు పక్క ఫ్లాట్‌కి ఏది మేలు: ఎగ్జాస్టా, ప్యూరిఫైయరా, ఇన్‌లైన్ ఫ్యానా?

మా ఫ్లాట్ హైదరాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద, రెండో అంతస్తులో ఉంది. కిటికీలు తెరిస్తే సాయంత్రానికి టీపాయ్ మీద వేలితో పేరు రాసేంత దుమ్ము పేరుకుంటుంది. మూసేసి ఏసీ వేసుకుంటే పొద్దున్నే తల బరువు. అమ్మకి ఆయాసం ఉంది, అందుకే ఈ విషయం మా ఇంట్లో రోజూ టెన్షనే. ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఎయిర్ ప్యూరిఫైయర్, ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ మూడూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాం.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. గదిలో గాలి బాగాలేదంటే అందులో రెండు వేరు వేరు ఇబ్బందులు కలిసి ఉంటాయి. బయటి నుంచి వచ్చే దుమ్ము, పొగ ఒకటి. మనమే ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ రెండోది. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) ఉంటే, ఇద్దరు తలుపులు మూసుకుని పడుకున్న గదిలో తెల్లారేసరికి 2000 దాటడం మామూలే. ఎన్‌డీఐఆర్ సెన్సర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచేది) ఉన్న మీటరు ఒక్క రాత్రి మంచం పక్కన పెట్టి చూడండి, మీ గది సంగతి మీకే తెలుస్తుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ చవక. ఏ కరెంటు సామాన్ల షాపులోనైనా దొరుకుతుంది, బిగించడం ఒక పూట పని. లోపలి గాలిని బయటికి తోస్తుంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అయితే బయటికి ఎంత గాలి పోతే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. కిటికీ సందులు, తలుపు కింది ఖాళీ, ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం, అన్నిటి గుండా రోడ్డు గాలి దుమ్ముతో సహా దూరుతుంది. బెడ్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ పెట్టిన నెలలోనే అలమరా అరల్లో సైతం దుమ్ము చేరింది. తోటల మధ్య ఇల్లయితే ఇది చాలు. రోడ్డు మీది ఇంటి పడకగదికి నేను వద్దంటాను.

ఆ తర్వాత ప్యూరిఫైయర్ కొన్నాం. దుమ్ము విషయంలో దానికి వంక పెట్టలేం. అసలైన హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో 99.97 శాతాన్ని పట్టేస్తుంది. అదే గాలి పదే పదే ఫిల్టర్ గుండా పోతుంది కాబట్టి అరగంటలోనే తేడా తెలుస్తుంది. మన దేశంలో పీఎం 2.5కి, అంటే 2.5 మైక్రాన్లలోపు సన్నటి కణాలకి, 24 గంటల సగటు పరిమితి ఘనమీటరుకి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని 15గా చెప్పింది. తలుపులు మూసి ప్యూరిఫైయర్ నడిపితే ఆ 15 దగ్గరికి వెళ్లడం సాధ్యమే. కానీ అది కార్బన్ డయాక్సైడ్‌ని ఒక్క పీపీఎం కూడా తగ్గించదు. గాలి శుభ్రంగానే ఉంటుంది, తాజాగా ఉండదు. అమ్మ దగ్గు తగ్గింది, నా తలబరువు తగ్గలేదు.

ఇన్‌లైన్ ఫ్యాన్ అంటే గోడకి కాకుండా పైపు మధ్యలో కూర్చునే ఫ్యాన్. దాన్ని చాలామంది లోపలి గాలి బయటికి లాగడానికే వాడతారు. నేను తిప్పి వాడాను: బయటి గాలిని ఫిల్టర్ గుండా లాగి గదిలోకి తోయడానికి. అప్పుడు గదిలో ఒత్తిడి కాస్త ఎక్కువై, సందుల గుండా గాలి బయటికే పోతుంది. దుమ్ముకి లోపలికి వచ్చే దారే ఉండదు. ఎగ్జాస్ట్ చేసినదానికి ఇది పూర్తిగా తలకిందులు.

ఎంత గాలి కావాలి? ఇద్దరు పడుకునే గదికి నిమిషానికి 40 నుంచి 50 ఘనపుటడుగులు చాలు. అంత తాజా గాలి వస్తే కార్బన్ డయాక్సైడ్ రాత్రంతా 1000 లోపే ఉంటుంది. మా గది 12 అడుగుల పొడవు, 11 వెడల్పు, 10 ఎత్తు, అంటే 1320 ఘనపుటడుగులు. 50 చొప్పున తోస్తే గంటకి రెండుసార్లకి పైగా గది గాలి మొత్తం మారుతుంది.

కొనేటప్పుడు చాలామంది పొరపడేది ఇక్కడే. డబ్బా మీద రాసే సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) అంకె, ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటిది. ఫిల్టర్ తగిలించగానే అది బాగా పడిపోతుంది. మామూలు ఎగ్జాస్ట్ రెక్కల్లాంటి రెక్కలున్న చవక బూస్టర్ ఫ్యాన్ అయితే ఫిల్టర్ ముందు దాదాపు చేతులెత్తేస్తుంది. అడ్డున్నా గాలి తోయగల మిక్స్‌డ్ ఫ్లో లేదా సెంట్రిఫ్యూగల్ రకం తీసుకోండి, ఎన్ని పాస్కల్స్ (గాలి ఒత్తిడి కొలత) ఒత్తిడి తట్టుకుంటుందో అడగండి. నేను 6 అంగుళాల ఫ్యాన్ తీసుకుని తక్కువ స్పీడులో నడుపుతున్నాను. చిన్న ఫ్యాన్‌ని ఫుల్ స్పీడులో తిప్పడం కంటే ఇది నిశ్శబ్దం. ఫిల్టర్ కూడా పైపు సైజుది కాదు, పెద్ద ప్యూరిఫైయర్‌కి వేసే హెపాని ఒక పెట్టెలో బిగించాం. ఫిల్టర్ వైశాల్యం రెండింతలైతే దాని గుండా గాలి వేగం సగమవుతుంది, అడ్డూ తగ్గుతుంది. ఇక్కడ గాలి ఫిల్టర్ గుండా ఒక్కసారే వెళ్తుంది కాబట్టి ఫిల్టర్ నాణ్యతలో రాజీ పడకూడదు. 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లో సగాన్ని పట్టినా మెర్వ్ 13 అనే ఫిల్టర్ గ్రేడుకి అర్హత వచ్చేస్తుంది. ఆయాసం ఉన్నవాళ్ల గదికి అది నాకు చాలదనిపించింది. హెపా ముందు ఉతికే జాలీ ఒకటి పెట్టాం. రెండు వారాలకోసారి కడుగుతుంటే నీళ్లు నల్లగా వస్తాయి.

మొదటిసారి పెట్టినప్పుడు ఒక తప్పు జరిగింది. "సార్, డక్ట్‌లోంచి తీసుకుంటే పైపు తక్కువ పడుద్ది" అన్నాడు ఎలక్ట్రీషియన్. ఫ్లాట్లలో బాత్‌రూమ్‌ల వెనక ఉండే సన్నటి ఖాళీనే అందరం డక్ట్ అంటాం కదా, అందులోంచి. సరేనన్నాను. రెండో రోజుకే పక్క ఫ్లాట్ల బాత్‌రూమ్ వాసనంతా మా మంచం మీద. హెపా కణాల్ని ఆపుతుంది, వాసనని ఆపదు. వాసనకి బొగ్గు ఫిల్టర్ వేరే కావాలి. చివరికి పైపుని వెనకవైపు బాల్కనీ గోడకి మార్చాం. రోడ్డుకి వీలైనంత దూరంగా, ఎవరి చిమ్నీ గొట్టమూ దగ్గర లేని చోట తీసుకోవడం ముఖ్యం. ఫ్యాన్‌ని అటక మీద రబ్బరు దిమ్మల మీద పెట్టాం. వంగే రకం పైపుని నలక్కుండా సాగదీసి బిగిస్తే గాలి బాగా వస్తుంది.

కరెంటు పెద్ద లెక్క కాదు. 30 వాట్ల చొప్పున రోజుకి పది గంటలైతే నెలకి 9 యూనిట్లు. ఫ్యాన్, పెట్టె, ఫిల్టర్, కోర్ కటింగ్ (మెషీన్‌తో గోడకి గుండ్రంగా కన్నం వేయడం) కూలీ కలిపి మధ్యరకం ప్యూరిఫైయర్ ధర దగ్గరికే వచ్చింది నాకు. అసలు భారం ఏసీ మీద పడుతుంది, అదీ సముద్రం దగ్గరి ఊళ్లలో. విశాఖలోనో కాకినాడలోనో వర్షాకాలం ఉక్కలో 40 సీఎఫ్ఎం బయటి గాలి తెచ్చుకుంటే దానితోపాటు గంటకి అర లీటరుకి పైగా నీటి ఆవిరి గదిలోకి వస్తుంది, దాన్నంతా ఏసీయే పిండాలి. అక్కడ ఫ్యాన్‌ని బాగా తగ్గించి నడపాలి. హైదరాబాద్ చలికాలంలో ఈ బాధ లేదు.

నా మాట అడిగితే, సొంత ఇల్లు, రోడ్డు పక్కన, ఏసీ వేసుకుని పడుకునే గది అయితే ఇన్‌లైన్ ఫ్యానే మేలు. మా మీటరు ఇప్పుడు పొద్దున్న 800, 900 మధ్య చూపిస్తోంది. ప్యూరిఫైయర్‌ని మాత్రం అమ్మేయలేదు. దుప్పట్లు దులిపినప్పుడు లేచే దుమ్ముని అదే త్వరగా పట్టేస్తుంది. దీపావళి రాత్రి ఇన్‌లైన్ ఆపేసి దాన్ని వేస్తాం. అద్దె ఇంట్లో ఉంటే ఆలోచించక్కర్లేదు, ప్యూరిఫైయర్ కొని, రోడ్డు సద్దుమణిగిన వేళ కిటికీలు కాసేపు తెరవండి.

వంటింటికి ఇన్‌లైన్ ఫ్యాన్ వద్దు. పోపు నూనె మోటారు మీద పేరుకుంటే మంటకి దారి అవుతుంది, అక్కడ జిడ్డు ఫిల్టరున్న చిమ్నీయే సరైనది. బాత్‌రూమ్‌కి బయటి గోడ ఉంటే మామూలు ఎగ్జాస్ట్ చాలు, లేకపోతేనే పైపు వేసి ఇన్‌లైన్ పెట్టాలి. ఒక్కటి గట్టిగా చెప్తాను: గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూమ్‌లో బలమైన లాగుడు ఫ్యాన్ పెట్టకండి. తలుపు మూసి ఫ్యాన్ వేస్తే గీజర్ పొగ బయటికి పోయే బదులు వెనక్కి, స్నానం చేసేవాళ్ల మీదికి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు. మనిషి తెలియకుండానే పడిపోతాడు. ముందు గీజర్‌ని బాత్‌రూమ్ బయటికి మార్పించండి, ఫ్యాన్ సంగతి ఆ తర్వాత.

గోడకి కన్నం పెట్టించేటప్పుడు బీమ్, కాలమ్ జోలికి పోకుండా ఇటుక గోడలోనే కోర్ కటింగ్ చేయించండి. కన్నం బయటివైపుకి కాస్త వాలుగా ఉంటే వాన నీళ్లు లోపలికి రావు. బయటి మూతికి దోమల జాలీ తప్పకుండా వేయించండి.