వర్డ్‌ప్రెస్, సెర్చ్ కన్సోల్: మిద్దె తోట సైటుతో నా నాలుగేళ్ళ అనుభవం

2021 జూన్‌లో సైటు మొదలుపెట్టాను. హనుమకొండలో మా డాబా మీద అప్పటికే అరవై దాకా కుండీలు, గ్రో బ్యాగులు ఉండేవి. లాక్‌డౌన్ రోజుల్లో మా వీధిలో సగం మంది మొక్కలు పెట్టారు. రోజూ ఎవరో ఒకరు ఆకు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి "అక్కా, దీనికేమైంది?" అని అడిగేవాళ్ళు. అదే జవాబు పదిమందికి పదిసార్లు టైప్ చేసేదాన్ని. ఒకచోట రాసిపెడితే లింకు పంపితే సరిపోతుంది కదా అని మా తమ్ముడన్నాడు. నాకు కోడింగ్ రాదు. బీకాం చదివి అకౌంట్స్ చూసుకున్నదాన్ని. అలాంటి నేను నాలుగేళ్ళుగా సొంతంగా నడుపుతున్న సైటు గురించి, దాన్ని గూగుల్‌లో పైకి తేవడానికి వాడిన రెండు పనిముట్ల గురించి ఇక్కడ రాస్తున్నాను: సైటు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్, గూగుల్‌లో మన పేజీలు ఎలా కనిపిస్తున్నాయో చూపించే సెర్చ్ కన్సోల్. కొత్తగా తెలుగులో సైటు పెట్టాలనుకునేవాళ్ళకు ఇందులో కొంతైనా పనికొస్తుందని నా నమ్మకం.

ముందు వర్డ్‌ప్రెస్ సంగతి. 2003 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇవాళ ప్రపంచంలోని సైట్లలో నూటికి నలభైకి పైగా దీని మీదే నడుస్తున్నాయి. ఇది రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి, వాళ్ళ దగ్గరే ఖాతా తెరిచి రాసుకోవడం. రెండోది, మన సొంత డొమైన్ (సైటు పేరు), సొంత హోస్టింగ్ (సైటును ఉంచే అద్దె చోటు) కొనుక్కుని అందులో ఈ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం. నేను రెండోది ఎంచుకున్నాను. హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో ఒక బటన్ నొక్కితే ఇన్‌స్టాల్ అయిపోయింది. అప్పట్లో అడ్రసు పక్కన తాళం గుర్తు చూపించిన ఎస్సెస్సెల్ అనే భద్రతా సర్టిఫికెట్ కూడా, వాటిని ఊరికే ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ పుణ్యమా అని ఉచితంగానే వచ్చింది. డబ్బు పోయింది హోస్టింగ్ దగ్గరే. మొదటి ఏడాదికి చాలా తక్కువ ధర చూపించిన ఆ కంపెనీ, రెన్యువల్ నాడు దాదాపు మూడింతలు అడిగింది. రెన్యువల్ ధర కూడా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉందట. నేను చూసుకోలేదు. మీరు మాత్రం కొనేముందే రెండో ఏడాది ధర ఎంతో చూసి, దాన్నే అసలు ధరగా లెక్క వేసుకోండి.

మొదటి మూడు నెలలు గూగుల్ నుంచి ఒక్క మనిషి కూడా రాలేదు. పద్దెనిమిది వ్యాసాలు రాశాను. వచ్చేవాళ్ళంతా నేను వాట్సాప్‌లో లింకు పంపినవాళ్ళే. సైటు పేరు అచ్చంగా టైప్ చేసి వెతికినా కనిపించేది కాదు. ఎంత టెన్షన్ పడ్డానో. చివరికి సెర్చ్ కన్సోల్‌లో ఖాతా తెరిచి పేజీల రిపోర్టు చూస్తే, నోఇండెక్స్ (గూగుల్‌లో చూపించొద్దని చెప్పే) ట్యాగ్ ఉంది కాబట్టి ఈ పేజీలను వదిలేశాం అని రాసి ఉంది. వెతికితే తప్పు నాదే. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజన్లను ఈ సైటుకు రావద్దని చెప్పే ఒక చిన్న గడి ఉంటుంది. సైటు ఇంకా తయారవలేదు కదా అని మొదటి రోజే దానికి టిక్కు పెట్టి, తర్వాత మర్చిపోయాను. ఆ టిక్కు తీసేసి, సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) ఇచ్చిన వారం రోజుల్లో పేజీలు ఒక్కొక్కటే రావడం మొదలయింది. సైట్‌మ్యాప్ కోసం వేరే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) కూడా అక్కర్లేదు. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ తనే తయారుచేస్తోంది.

తెలుగులో రాసేవాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఒకటుంది. పేజీ అడ్రసు. మనం శీర్షిక తెలుగులో పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నే అడ్రసుగా తీసుకుంటుంది. బ్రౌజర్‌లో చూస్తే అందంగా తెలుగులోనే కనిపిస్తుంది. కానీ లోపల ఒక్కో గుర్తూ తొమ్మిది స్థానాలు తింటుంది. గుణింతం, సున్నా, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కే. అడ్రసుకు ఉన్న చోటేమో మొత్తం 200 స్థానాలు. అంటే ఇరవై రెండు గుర్తులు దాటితే తెగిపోతుంది. "బెండ మొక్కలో పల్లాకు తెగులు" అని నేను పెట్టిన శీర్షిక అడ్రసులోకి వచ్చేసరికి "బెండ-మొక్కలో-పల్లాకు-తెగ" అయి కూర్చుంది. ఆ లింకు వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులు, ఈలు, సున్నాలతో ఐదారు వరుసల చెత్తలా కనిపించేది. మా పిన్ని అయితే వైరస్ లింకు అనుకుని తెరవనే లేదు.

అప్పటి నుంచి అడ్రసు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాటలతోనే, మూడు నాలుగు పదాలకు మించకుండా పెడుతున్నాను. తెలుగు అడ్రసుల్ని గూగుల్ చదవలేక కాదు, మనుషులు భయపడి నొక్కకపోవడం వల్ల మార్చాను. పాత పేజీల అడ్రసులు మార్చేటప్పుడు పాతదాని నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (పాత అడ్రసుకు వచ్చినవాళ్ళను కొత్తదానికి పంపే ఏర్పాటు) ఉందో లేదో చూసుకోవడం మర్చిపోకండి. లేకపోతే పాత లింకు నొక్కినవాళ్ళకు పేజీ దొరకలేదనే మాట కనిపిస్తుంది, అన్నాళ్ళూ ఆ పేజీ సంపాదించుకున్న పేరూ పోతుంది.

ఇంకో తెలుగు సమస్య వరుసల మధ్య దూరం. ఇంగ్లీషు కోసం తయారైన థీముల్లో (సైటు రూపాన్ని ఇచ్చే అచ్చులు) ఆ దూరం తక్కువగా ఉంటుంది. పై వరుసలోని "స్త్ర" కింది వత్తు, కింది వరుసలోని "కీ" మీది గుడి దీర్ఘానికి తగులుతుంది. చదివేవాళ్ళకు కళ్ళు లాగేస్తాయి. కస్టమైజ్‌లో ఆ దూరాన్ని 1.8కి పెంచి, ఫాంటు నోటో సాన్స్ తెలుగు పెట్టాక జనం పేజీ మీద నిలబడి చదవడం నాకే తేడా తెలిసింది.

సెర్చ్ కన్సోల్ దగ్గరికి వస్తాను. ఈ సమీక్ష రాయాలనిపించిందే దీని కోసం. ఇది గూగుల్ ఉచితంగా ఇచ్చే పనిముట్టు. పాతవాళ్ళు దీన్ని వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవాళ్ళు, 2015లో పేరు మార్చారు. మన పేజీ ఏ మాటలు వెతికినప్పుడు కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, ఇవన్నీ చూపిస్తుంది. మొదట్లో ఆ గ్రాఫు పైకి పోతోందా కిందికి పోతోందా అన్నదే చూసేదాన్ని. అసలు నిధి గ్రాఫు కింద ఉండే పట్టికలో ఉంది. జనం టైప్ చేసిన మాటలు యథాతథంగా అక్కడ ఉంటాయి.

పిండినల్లి అనే పురుగు మీద ఒక పేజీ రాశాను. శీర్షిక "పిండినల్లి నివారణ". వ్యవసాయ శాఖ కరపత్రాల్లో, పుస్తకాల్లో వాడే మాట అది. ఆరు నెలలైనా ఆ పేజీకి నెలకు పది క్లిక్‌లు కూడా లేవు. ఒకరోజు ఆ ఒక్క పేజీకే ఫిల్టర్ పెట్టి, వచ్చిన మాటలు చూశాను. "మందార చెట్టుకు తెల్ల పురుగు", "మందార మొక్క తెల్ల బూజు", "మొగ్గల మీద తెల్లగా దూదిలా", ఇలా ఉన్నాయి. అవే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఉన్నాయి. నిజానికి అలా రాసినవే ఎక్కువ. పిండినల్లి అనే మాట వాడినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నా పేజీ గూగుల్ ఫలితాల నాలుగో పేజీలో ఎక్కడో ముప్పై నాలుగో స్థానంలో ఉంది. ఆ పురుగు పేరేంటో తెలిసుంటే వాళ్ళు నా దాకా రావలసిన పనే లేదు. పొద్దున్నే మందార పూలు కోయడానికి వెళ్ళి, మొగ్గల కింద తెల్లగా ఏదో కనిపించి, కంగారుగా ఫోన్ తీసిన మనిషి కళ్ళకు ఏది కనిపిస్తే అదే టైప్ చేస్తుంది.

శీర్షిక మార్చాను: "మందార మొక్కకు తెల్లగా బూజులా పట్టిందా? అది పిండినల్లి". మొదటి పేరాలో అది చూడ్డానికి ఎలా ఉంటుందో రాశాను. పక్కనే నా మందార మొగ్గ ఫొటో, వేలితో చిదిమితే జిగటగా అంటుకోవడం కూడా కనిపించేలా. తర్వాత ఏం చేయాలో: బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి పారేయడం, పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లడం. చీమల్ని వదిలేస్తే అవి మళ్ళీ పిండినల్లిని మోసుకొస్తాయన్న సంగతి కూడా చేర్చాను. రెండు నెలల్లో ఆ పేజీ ఐదో స్థానానికి వచ్చింది. ఇప్పటికీ నా సైటులో ఎక్కువమంది చదివే పేజీ అదే.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసినవాళ్ళ కోసం ఏం చేయాలా అని చాలా ఆలోచించాను. పేజీ నిండా ఆ స్పెల్లింగులు కూరమని కొందరు సలహా ఇచ్చారు. నాకు నచ్చలేదు, చదవడానికి అసహ్యంగా ఉంటుంది. అలా టైప్ చేసినా తెలుగు పేజీలు కూడా చూపిస్తామని 2020 డిసెంబరులో గూగుల్ ప్రకటించింది. అలా చూపిస్తామన్న ఐదు భారతీయ భాషల్లో తెలుగు ఒకటి. అది నిజంగానే పనిచేస్తున్నట్టు నా పట్టికలో కనిపిస్తోంది.

ప్లగిన్ల విషయంలో నా అనుభవం కొంచెం చేదు. ఎస్‌ఈఓ (గూగుల్‌లో పేజీని పైకి తెచ్చే పని) ప్లగిన్ ఒకటి వేసుకుని, దాని పచ్చ లైటు వెలగడం కోసం నెలల తరబడి వ్యాసాలు పాడుచేసుకున్నాను. అది ఒక మాట పెట్టుకుని, ఆ మాట వ్యాసంలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతుంది. మన భాషలో "మందార" అన్నది మందారకు, మందారలో, మందారాలు అని మారిపోతూ ఉంటుంది. అది వీటిని ఒకే మాటగా గుర్తించలేదు. లైటు కోసం అదే మాట పదిసార్లు రాస్తే వ్యాసం ప్రకటనలా తయారయింది. ఇప్పుడు ఆ ప్లగిన్‌ను శీర్షిక, వివరణ రాసుకోవడానికి మాత్రమే వాడుతున్నాను, లైట్ల వైపు చూడను. కీవర్డ్స్ అని విడిగా ఉండే మెటా గడి కూడా ఖాళీగానే వదిలేస్తున్నాను. దాన్ని ర్యాంకింగ్‌కు లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఒక దశలో నా సైటులో ఇరవై మూడు ప్లగిన్లు ఉండేవి. ఇప్పుడు ఏడు.

వేగం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫోన్లో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగు ఎంబీ ఉంటే, దాన్ని అలాగే ఎక్కించేదాన్ని. పల్లెల్లో సిగ్నల్ సరిగా లేని చోట పేజీ తెరుచుకునేలోపు వాళ్ళు వెనక్కి వెళ్ళిపోతారు. వెడల్పు 1200 పిక్సెళ్ళకు తగ్గించి, వెబ్‌పీ రకంలోకి మార్చి ఎక్కిస్తే బరువు పదో వంతుకు దిగింది. పేజీలోని పెద్ద బొమ్మ లేదా పెద్ద పేరా రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ఫోన్ మీద పరీక్షించి చూసుకోండి, కంప్యూటర్ మీద వచ్చే మార్కుల్ని నమ్ముకోవద్దు. గూగుల్ కూడా ఇప్పుడు ఫోన్‌లో కనిపించే పేజీనే చూస్తుంది.

2022లో ఒకాయన ఫోన్ చేసి, ముప్పై రోజుల్లో మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ అన్నాడు. ఎనిమిది వేలు కట్టాను. నెల తర్వాత సెర్చ్ కన్సోల్‌లో లింకుల రిపోర్టు తెరిస్తే, నా మిద్దె తోట పేజీలకు పందేల సైట్ల నుంచి, ఎక్కడో విదేశాల మందుల షాపుల నుంచి వందల లింకులు. నా స్థానాల్లో ఒక్కటీ కదల్లేదు. ఫోన్ ఎత్తడం మానేశాడు. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లో స్పష్టంగా రాసి ఉంచింది. అది నేను డబ్బు కట్టాక చదివాను, మీరు ముందే చదవండి. నాకు నిజంగా ఉపయోగపడిన లింకులు రెండే. రెండూ అడగకుండా వచ్చినవి, మొక్కల గురించి రాసే తెలుగువాళ్ళు తమ సైట్లలో పెట్టినవి.

2024 మార్చి 5న గూగుల్ కోర్ అప్‌డేట్ (పేజీలను వరుసపెట్టే పద్ధతిలో పెద్ద మార్పు) మొదలై 45 రోజులు సాగింది. ఆ రోజుల్లో నా క్లిక్‌లు మూడో వంతు పడిపోయాయి. నిద్ర పట్టేది కాదు. కూర్చుని నా సైటును కొత్తవాళ్ళలా మొదటి నుంచి చదివాను. టమాటా మీదే ఐదు చిన్న పేజీలు ఉన్నాయి, ఒకదాంట్లో చెప్పిందే ఇంకోదాంట్లో. లెక్క పెంచడానికి రాసినవి అవి. ఐదింటినీ కలిపి ఒకే పెద్ద పేజీ చేశాను. విత్తనం నాటిన రోజు నుంచి కాయ కోసే దాకా మా డాబా మీదే తీసిన ఫొటోలు పెట్టాను. అలా మొత్తం నలభై పేజీలు పదమూడయ్యాయి. ఆ ఏడాది దీపావళి నాటికి పాత లెక్కను దాటాను.

సెర్చ్ కన్సోల్‌లో లోపాలు కూడా ఉన్నాయి. 16 నెలలకు మించి పాత లెక్కలు ఉంచదు. ప్రతి నెలా ఒకటో తారీఖున దించుకుని షీట్‌లో దాచుకుంటున్నాను, లేకపోతే రెండేళ్ళ కిందటి వానాకాలంతో ఈ వానాకాలాన్ని పోల్చుకోలేను. మొక్కల సైటుకు కాలమే ముఖ్యం. తెరమీద వెయ్యి వరుసలే చూపిస్తుంది. బాగా అరుదుగా వెతికిన మాటల్ని గోప్యత కోసం దాచేస్తుంది. సగటు స్థానం అనే అంకె అయితే కొత్తవాళ్ళను అనవసరంగా బెదరగొడుతుంది. నాది ఒక నెలలో 14 నుంచి 22కు దిగజారితే కంగారుపడ్డాను. తీరా చూస్తే క్లిక్‌లు పెరిగాయి. కొత్త పేజీలు కొత్త మాటలకు అరవయ్యో స్థానంలో కనిపించడం మొదలై, సగటును కిందికి లాగాయి, అంతే. ఆ అంకెను సైటు మొత్తానికి చూడకండి, ఒక్కో మాటకు విడిగా చూడండి.

ఇప్పుడు నెలకు తొమ్మిది వేల దాకా క్లిక్‌లు గూగుల్ నుంచే వస్తున్నాయి. హోస్టింగ్ ఖర్చు ప్రకటనల మీద వెళ్ళిపోతోంది, కాస్త మిగులుతోంది కూడా. తొందరగా డబ్బు కావాలనుకునేవాళ్ళకు ఈ దారి చెప్పను, నాకు మొదటి ఏడాదంతా చేతి డబ్బే పోయింది. తమకు చేతనైన పని ఒకటుండి, దాని గురించి తెలుగులో ఓపికగా రాయగలిగినవాళ్ళకు మాత్రం ఈ రెండూ చాలు.

ఇవాళ పొద్దున పట్టికలో కొత్త మాట ఒకటి కనిపించింది. "కుండీలో గులాబీ ఆకుల మీద నల్ల మచ్చలు". నలభై ఒక్కసారి కనిపించాను, ఒక్కరూ నొక్కలేదు. తెరిచి చూస్తే గూగుల్ చూపిస్తున్నది నా గులాబీ అంటు కట్టే పేజీ, అందులో మచ్చల ఊసే లేదు. పైన మూడో కుండీలో గులాబీకి సరిగ్గా అవే మచ్చలున్నాయి. ఎండ ముదరకముందే వెళ్ళి ఫొటోలు తీసుకోవాలి.