బాపు మ్యూజియం ఆవరణ: ఎండకు తగిన ప్రదర్శన కావాలి

విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం పాత భవనానికి 1887లో, విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవ సందర్భంగా పునాది పడింది. లోపలి గదులకంటే నన్ను ఎక్కువసేపు నిలిపినవి ఆరుబయటి రాతి శిల్పాలే. సాయంత్రపు ఏటవాలు వెలుగులో వాటి చుట్టూ తిరుగుతుంటే, అద్దాల పెట్టెలో ఎన్నడూ కనిపించని ఉలి గీతలు ఒక్కొక్కటిగా తేలివస్తాయి.

1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనాను అందించింది ఈ నగరంలోనే గనుక, ఆ కథను పిల్లలు చేతులతో తెలుసుకునే ప్రదర్శన ఈ ఆవరణలో వెలయాలని మనసారా కోరుకుంటున్నాను. అయితే మన ఎండలో టచ్‌స్క్రీన్ సరిగా కనిపించదు, లోహపు పలక చేయి కాలుస్తుంది. చెట్టునీడన తిప్పి చూసే చెక్క పలకలు, చూపులేనివారు సైతం తడిమి తెలుసుకోగల రాతి నమూనాలు, పాత గోడకు ఒక్క మేకు కూడా కొట్టకుండా విడిగా నిలిచే చట్రాలు ఇక్కడికి సరిపోతాయి.