దురద కుక్కకు హైడ్రోలైజ్డ్ డ్రై ఫుడ్: బస్తా కొనే ముందు, కొన్న తర్వాత

ఏడాది నిండని కుక్క. చెవిలో చుక్కలు వేసినన్నాళ్లు బాగుంటుంది, ఆపగానే మళ్లీ తల విదిలిస్తుంది. పాదాలు నాకి నాకి వెంట్రుకలు తుప్పు రంగుకు తిరుగుతాయి. పొట్ట కింద ఎర్రటి దద్దుర్లు, ఆసనం నేలకేసి రాయడం, రోజుకు నాలుగైదు సార్లు మెత్తటి మలం. ఈ లక్షణాలన్నీ ఒకే కుక్కలో కనిపిస్తే, ఏ కాలంలోనూ తగ్గకపోతే, డాక్టరు నోట సాధారణంగా వచ్చే మాట: హైడ్రోలైజ్డ్ ఫుడ్ పెట్టి చూద్దాం.

ఈ రకం ఫుడ్ మంచిదే. కానీ ఇది మందు కాదు, పరీక్ష. మందులా వాడి, రెండు వారాలకు దురద తగ్గలేదని బస్తా పక్కన పడేసేవాళ్లే ఎక్కువ.

ఇందులో ప్రొటీన్‌ను ఎంజైములతో చిన్న ముక్కలుగా విరగ్గొడతారు. మామూలు అలర్జీ ప్రొటీన్లు ఎక్కువగా 10 నుంచి 70 కిలోడాల్టన్ల (ప్రొటీన్ అణువు బరువును కొలిచే ప్రమాణం) పరిమాణంలో ఉంటాయి. ముక్క అంతకన్నా చిన్నదైతే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పట్టుకోలేదన్నది లెక్క. ఎంత చిన్నగా విరిచారు, దేన్ని విరిచారు అన్న రెండింటిలోనే ఒక బ్రాండుకూ మరో బ్రాండుకూ తేడా. రాయల్ కానిన్ హైపోఅలర్జెనిక్‌లో సోయా ప్రొటీన్, బియ్యం. ప్యూరీనా హెచ్‌ఏలోనూ ప్రధానంగా సోయానే, పిండిపదార్థంగా మొక్కజొన్న స్టార్చ్. హిల్స్ జెడ్‌డీలో కోడి కాలేయం. రాయల్ కానిన్ అనలర్జెనిక్‌లో కోడి ఈకల ప్రొటీన్, అదీ మిగతావాటికన్నా బాగా చిన్నగా విరిచింది.

కుక్క ఇంతవరకూ కోడి మాంసమే తిని పెరిగి ఉంటే కోడి కాలేయం ఉన్న బస్తా నా మొదటి ఎంపిక కాదు. 2016లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, కోడికి అలర్జీ ఉన్న 10 కుక్కల్లో 4 హైడ్రోలైజ్డ్ కోడి కాలేయం తిన్నాక మళ్లీ గోక్కున్నాయి. ఈకల ప్రొటీన్‌తో ఒక్కటీ గోక్కోలేదు. పది కుక్కల లెక్కతో తీర్పు చెప్పలేం, అయినా ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన మాటే. సోయా ఎప్పుడూ తినని కుక్కకు సోయా బస్తా సరిపోతుంది. అందుకే కొనే ముందు, కుక్క పుట్టినప్పటి నుంచి తిన్నవన్నీ బిస్కెట్లతో సహా ఒక కాగితం మీద రాయండి. కుక్కల్లో ఆహార అలర్జీకి ఎక్కువగా కారణమయ్యేవి గొడ్డు మాంసం, పాల పదార్థాలు, కోడి, గోధుమ. వీటిలో ధాన్యం ఒక్క గోధుమే. ధాన్యం లేని ఫుడ్‌కి మారితే చాలనుకోవడం ఇక్కడే తప్పుతుంది.

రక్తం, వెంట్రుక, లాలాజలంతో ఆహార అలర్జీ తేలుస్తామనే కిట్ల మీద డబ్బు పెట్టకండి. వాటి ఫలితాలు నమ్మదగ్గవి కావు. దుకాణంలో దొరికే 'ఒకే మాంసం' బస్తాలూ ఈ పరీక్షకు పనికిరావు. వాటిలో చాలావాటిలో లేబుల్ మీద లేని మాంసం బయటపడింది.

మార్పు వారం రోజుల మీద చేయాలి: మొదటి రెండు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, ఏడో రోజు మొత్తం. పరీక్ష గడియారం ఆ ఏడో రోజు నుంచే మొదలవుతుంది. ఎనిమిది వారాలు కచ్చితంగా. అయిదు వారాలకు ఎక్కువ కుక్కల్లో తేడా కనిపిస్తుంది గానీ, తొంభై శాతానికి పైగా తేలాలంటే ఎనిమిది కావాలి. కడుపు సమస్యలు మాత్రం రెండు మూడు వారాల్లోనే సర్దుకుంటాయి.

కొలత కప్పుతో కాదు, వంటింటి తూకంతో. పది కేజీల ఎదిగిన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కకు రోజుకు దాదాపు 630 కిలోకేలరీలు చాలు. బస్తా మీద వంద గ్రాములకు 390 అని ఉంటే అది 160 గ్రాములు. ఇంకా ఎదుగుతున్న కుక్కకు ఎక్కువ కావాలి. కొన్న రకం ఎదిగే వయసుకు సరిపోతుందని బస్తా మీద రాసి ఉందో లేదో చూడండి. పెద్ద జాతి పిల్ల అయితే కాల్షియం సంగతి డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

రుచి విషయానికొస్తే, విరిగిన ప్రొటీన్ కొంచెం చేదుగా ఉంటుంది. మొదటి రోజుల్లో మూతి తిప్పుకునే కుక్కలు ఉంటాయి. గోరువెచ్చని నీళ్లు చల్లి అయిదు నిమిషాలు నానబెడితే వాసన లేస్తుంది, తింటుంది. పైన ఇంకేదో కలిపారా, పరీక్ష పోయినట్లే. మలం మెత్తబడితే మార్పును పది, పన్నెండు రోజులకు సాగదీయండి. రక్తం పడితేనో, వాంతులు ఆగకపోతేనో అది ఫుడ్ సంగతి కాదు, ఆ రోజే డాక్టరు దగ్గరకు.

పరీక్ష ఎక్కడ చెడుతుందంటే, దాదాపు ఎప్పుడూ గిన్నె బయటే. మాంసం రుచి వేసిన నమిలే నులిపురుగుల మాత్ర, గుండెపురుగు మాత్ర, రుచి వేసిన టూత్‌పేస్టు, జెలటిన్ క్యాప్సూల్, పిల్లి గిన్నె, పసివాడు కూర్చుని తిన్న కుర్చీ కింద రాలిన బిస్కెట్ ముక్క, నడకలో ఎవరో ప్రేమగా ఇచ్చినది. గుండెపురుగు, పిడుదుల మందులు ఆపకూడదు. వాటి బదులు మెడ మీద వేసే చుక్కల రకం డాక్టర్ని అడగండి. ట్రీట్లకు వేరే ప్యాకెట్ కొనక్కర్లేదు: పొద్దున్నే ఆ రోజు కొలత తూచి, అందులోంచి గుప్పెడు తీసి జేబులో వేసుకుంటే శిక్షణకు అదే చాలు. మాత్ర మింగించడానికి అదే హైడ్రోలైజ్డ్ ఫుడ్‌లో తడి రకం దొరికితే ఒక చెంచా చుట్టండి.

ఇంకో పెద్ద కారణం ఉంది, బస్తా మీద రాయరు. చెవిలో ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం), చర్మం మీద బ్యాక్టీరియా అలాగే ఉంటే ఏ ఫుడ్ పెట్టినా దురద ఆగదు. మొదట చెవి మురికిని సూక్ష్మదర్శిని కింద చూపించి ఆ ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స చేయించాలి. చర్మానికి మూడు, నాలుగు శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు) ఉన్న షాంపూ, నురగ పది నిమిషాలు ఉంచి కడగాలి (ఈ పది నిమిషాలే కష్టం, గడియారం చూడండి). మొదటి రెండు మూడు వారాలు దురద మందు అవసరమైతే డాక్టరు ఇస్తారు. కానీ ఎనిమిదో వారం ముగిసేసరికి అది ఆగి కనీసం రెండు వారాలై ఉండాలి. లేకపోతే తగ్గింది మందు వల్లో, ఫుడ్ వల్లో తెలియదు.

ప్రతి ఆదివారం దురదకు సున్నా నుంచి పది మధ్య అంకె వేసి, పాదాల ఫొటో తీయండి. జ్ఞాపకం మీద ఆధారపడితే ఆశే గెలుస్తుంది.

దురద తగ్గిందనుకోండి. చాలామంది అక్కడితో ఆగుతారు, అదే తప్పు. పాత ఫుడ్ తిరిగి పెట్టాలి. ఆహార అలర్జీ అయితే గంటల్లోనో, మహా అయితే పద్నాలుగు రోజుల్లోనో దురద తిరిగొస్తుంది. రాకపోతే పుప్పొడి తగ్గడమో, చెవి మందో పనిచేసి ఉంటుంది. వస్తే మళ్లీ హైడ్రోలైజ్డ్‌కి వెళ్లి, సర్దుకున్నాక ఉడికించిన కోడి, తర్వాత గొడ్డు మాంసం, తర్వాత పాలు, ఒక్కొక్కటి విడిగా రెండు వారాలు. ఇలా కారణం దొరికితే అది లేని మామూలు ఫుడ్‌తో జీవితమంతా గడిచిపోతుంది, ఈ ఖరీదైన బస్తా మళ్లీ కొనక్కర్లేదు. దొరకకపోయినా ఇది సంపూర్ణ ఆహారమే కాబట్టి, ఎదిగిన కుక్కకు డాక్టరు చూపులో కొనసాగించవచ్చు. ఎనిమిది వారాల తర్వాతా ఏ మార్పూ లేకపోతే దుమ్ముపురుగు, పుప్పొడి వంటి వాతావరణ అలర్జీ వైపు చూడాలి. అది సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల మధ్య మొదలవుతుంది కనుక కుర్ర కుక్కలో ఈ రెండూ కలగాపులగంగా కనిపిస్తాయి. కొన్నింటికి రెండూ ఉంటాయి, అప్పుడు ఫుడ్‌తో దురద సగమే తగ్గుతుంది.

బస్తా పరిమాణం గురించి ఒక మాట. పెద్దది చవకే, కానీ తెరిచాక నాలుగు నుంచి ఆరు వారాల్లో అయిపోయేంతే తీసుకోండి, కొవ్వు పాతబడితే కుక్క ముట్టదు. పాత ఫుడ్ పోసిన డబ్బాలో దీన్ని పోయకండి. బస్తాతో సహా డబ్బాలో పెట్టి, నోరు మడిచి క్లిప్ వేస్తే చాలు.